వంగి చెంప అందించిన పిల్ల

కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "మీ సర్వీసులో మరిచిపోలేని విద్యార్థి ఎవరు మేడం?" అని అడుగుతారు. పెద్ద ఆఫీసరు అయినవాడి సంగతో, డాక్టరు అయిన అమ్మాయి సంగతో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు ముందు గుర్తొచ్చేది ఐదో తరగతి కూడా గట్టెక్కని ఒక పిల్ల. ఆ సంగతి మొదలుపెడితే ముందున్న టీ చల్లారిపోతుంది, బిస్కెట్ల మీదికి చెయ్యి పోదు. ఇంటికొచ్చిన వాళ్ళను అలా పంపడం మర్యాద కాదని, చెప్పడం మానేసి రాస్తున్నాను.

పేర్లు రాయను. కొందరు ఇంకా ఉన్నారు, లేని వాళ్ళ పిల్లలు ఉన్నారు. కథలో ఇద్దరు ఆడపిల్లలు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. బళ్ళో అందరూ అలాగే పిలిచేవారు కాబట్టి నేనూ పొడుగుపిల్ల, పొట్టిపిల్ల అనే అంటాను.

మాది నంద్యాల. మా నాయనకు రైల్వేలో పని. డెబ్బైల నడుమ నాకు ట్రైనింగ్ పూర్తయి మొదటి పోస్టింగ్ వచ్చింది. ఆళ్లగడ్డ బస్సెక్కి, శిరివెళ్ల దాటాక దిగి, పొలాల మధ్య నడిచి పోవాల్సిన ఊరు. అంతా నల్లరేగడి. వాన పడిందంటే ఆ మట్టి చెప్పును పట్టుకుని వదలదు. చెప్పులు చేత్తో పట్టుకుని బళ్ళోకి అడుగుపెట్టిన మొదటి రోజు పిల్లలంతా నా కాళ్ళ వంకే చూశారు. నాకు దక్కిన మొదటి మర్యాద అదీ.

ఐదో తరగతి దాకా ఉన్న బడి. రెండు గదులు, ఒక వరండా, ముగ్గురం టీచర్లం. మా హెడ్మాస్టరు గారు క్రైస్తవ కుటుంబంలో పుట్టినవారు. వాళ్ళ నాయన కూలి చేసి చదివించారట. చిన్నప్పుడు తనను బడి గదిలోకి రానివ్వక వరండాలో కూర్చోబెట్టి చదువు చెప్పారని ఆయనే ఒకసారి నాతో అన్నారు. అందుకే తన బళ్ళో ఎవరి బిడ్డ ఎక్కడ కూర్చోవాలన్నది ఆయన ఒక్కరే నిర్ణయించేవారు. ఊరి పెద్దలు వచ్చి చెప్పినా వినేవారు కాదు. రెండో సారు సైకిలు మీద వచ్చేవారు. "దండం దశగుణం" అన్నది ఆయనకు వచ్చిన ఒకే ఒక్క సంస్కృతం ముక్క, దాన్ని రోజూ వాడేవారు. మూడో మనిషిని నేను.

హెడ్మాస్టరు గారికి ఒక నియమం ఉండేది. మగ టీచరు ఆడపిల్ల మీద చెయ్యి వేయకూడదు. మంచి నియమమే. కానీ కొట్టకుండా చదువు వస్తుందని ఆ రోజుల్లో ఆయన నమ్మలేదు, ఎవరమూ నమ్మలేదు. అందుకని ఒక పద్ధతి పెట్టారు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేని ఆడపిల్లలు వరుసగా నిలబడాలి. చెప్పిన పిల్ల వెళ్ళి, ఎడమ చేత్తో ఒక్కొక్కరి ముక్కు పట్టుకుని, కుడి చేత్తో రెండు చెంపలూ వాయించాలి. మెల్లగా తాకించి తప్పించుకుంటే ఆ దెబ్బలు కొట్టిన పిల్లకే తిరిగి పడతాయి. ఇది ఆయన కనిపెట్టింది కాదు, చాలా బళ్ళలో ఉన్నదే. పిల్ల చెయ్యి మెత్తగా ఉంటుంది, దెబ్బ తగలదు, సిగ్గు మాత్రం తగులుతుంది, ఆ సిగ్గుతో చదువుతారు అని ఆయన లెక్క. మేం ముగ్గురం ఆ లెక్క సరైనదే అనుకున్నాం.

పొడుగుపిల్ల రైతు బిడ్డ. తరతరాలుగా పొలాలున్న ఇల్లు. ఆలస్యంగా బళ్ళో వేశారు కాబట్టి తరగతిలో అందరికన్నా ఒక తల ఎత్తు. ఆ పిల్లకు అక్షరం నిలిచేది కాదు. పొద్దున నేర్చిన 'ప' మధ్యాహ్నానికి 'వ' అయ్యేది. చదవమంటే కళ్ళు చిట్లించి, వేలు పెట్టి, చెమటలు పట్టేంత కష్టపడేది. సోమరితనం ఏ కోశానా లేదు. ఇప్పుడు ఆ ఇబ్బందికి రకరకాల పేర్లున్నాయి, పరీక్షలున్నాయి. మా దగ్గర ఒకే పేరు ఉండేది, మొద్దు అని. రెండో సారు దాన్ని ప్రేమగానే వాడేవారు, అదొక విడ్డూరం.

పొట్టిపిల్ల వాళ్ళమ్మ ఆ రైతు పొలంలోనే కూలికి పోయేది. వాళ్ళూ క్రైస్తవులే. ఈ పిల్ల బుర్ర మాత్రం పాదరసం. నేను ప్రశ్న సగంలో ఉండగానే జవాబు తన పెదాల మీద ఉండేది. కల్లంలో చెనిక్కాయలు, అంటే వేరుశనగకాయలు, వలిచేటప్పుడు తల్లుల పక్కన పెరిగారు ఇద్దరూ. ఇంట్లోకి పొట్టిపిల్లను రానిచ్చేవారు కాదు, అరుగు మీద కూడా కూర్చోనిచ్చేవారు కాదు. కల్లంలో మాత్రం ఇద్దరికీ ఒకే గోనెపట్టా.

ఆటల దగ్గర నేను చూసింది చెబుతాను. మిగతా ఆడపిల్లలు పొడుగుపిల్లను ఆటలో అరటిపండుగా పెట్టుకునేవారు. మీకు తెలియకపోతే చెబుతున్నాను, ఆటలో ఉన్నట్టే ఉండాలి, ఉరకాలి, కానీ పట్టుకున్నా అవుట్ కాదు, గెలిచినా లెక్క కాదు. చంటిపిల్లల కోసం పెట్టిన ఏర్పాటు అది. అంత పొడుగు పిల్లను అలా పెట్టుకుంటే చూడ్డానికి బాధగా ఉండేది. ఒకరోజు పొట్టిపిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"దీన్ని అరటిపండు చేస్తే నేను ఆడను. పట్టుకుంటే ఇది గూడా అవుటే."

పొట్టిపిల్ల లేకపోతే ఆట రక్తి కట్టదు. ఒప్పుకున్నారు. కాసేపటికి పొడుగుపిల్ల రొప్పుకుంటూ వరండాలోకి నా దగ్గరికి వచ్చింది. ముఖమంతా నవ్వు.

"టీచరూ, నేను అవుట్ అయినా" అంది.

అవుట్ అయినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అచ్చనగాయలకు కూడా ఇద్దరే కూర్చునేవారు. వాగులో ఏరుకొచ్చిన గుండ్రటి రాళ్ళు పొట్టిపిల్ల పావడా అంచున ఎప్పుడూ మూటగట్టి ఉండేవి. ఎగరేసిన రాయి పొడుగుపిల్ల చేతికి సరిగ్గా దొరికేది కాదు. పొట్టిపిల్ల జాలిపడేది కాదు. "పోయింది, ఇంగ నా వంతు" అనేది. పొడుగుపిల్లకు కావాల్సింది కూడా అదే.

నాలుగో తరగతి దాకా పొడుగుపిల్ల చెంపలు వాయించింది ఎవరెవరో. ఐదులోకి వచ్చాక లెక్కలు హెడ్మాస్టరు గారే చెప్పేవారు. ఆయన ప్రశ్నలకు జవాబు చెప్పగలిగింది పొట్టిపిల్ల ఒక్కతే. కాబట్టి రోజూ కొట్టాల్సింది కూడా ఆ పిల్లే.

మొదట్లో దూదితో తాకినట్టు తాకించేది. హెడ్మాస్టరు గారు చూశారు. "నీ స్నేహం బయట. ఇక్కడ కాదు" అని, ఆ దెబ్బలు ఇంకో పిల్ల చేత పొట్టిపిల్లకే వేయించారు. మర్నాడు గట్టిగా కొట్టక తప్పలేదు. కానీ పొట్టిపిల్లకు ఆ చెంప అందదు, మునివేళ్ళ మీద లేచి నిలబడాలి. అప్పుడు పొడుగుపిల్లే కొంచెం వంగి చెంప అందించేది. కళ్ళు మూసుకునేది కూడా కాదు. కొట్టే పిల్ల ముఖంలోకి చూస్తూ నిలబడేది. పక్క గదిలోంచి నేను అది చాలాసార్లు చూశాను.

ఒకరోజు పొడుగుపిల్ల నాయన బడికి వచ్చాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"సారూ, నా బిడ్డకు సదువు రాదని నాకెరికే. కొడితే మీరు కొట్టండి, నేనేం అనుకోను. ఆ పిల్ల చేత కొట్టియ్యొద్దు."

హెడ్మాస్టరు గారి ముఖం ఎర్రబడింది. "అన్నా, నీ బిడ్డ, నీ కూలోళ్ళ బిడ్డ అనేది నీ పొలంలో. నా బళ్ళో చెంపలన్నీ ఒకటే."

"అది గాదు సారూ..."

"ఇంగ పోయిరా అన్నా."

రైతు తలపాగా చుట్టుకుని వెళ్ళిపోయాడు. హెడ్మాస్టరు గారి వైపు నేను గర్వంగా చూశాను. ఊరి రైతుకు అలా జవాబు చెప్పిన మనిషిని అంతకుముందు చూడలేదు. వరండాలో కూర్చుని చదువుకున్న పిల్లవాడు అన్నేళ్ళ తర్వాత లేచి నిలబడి చెప్పినట్టు అనిపించింది. రైతు ఏం చెప్పబోయాడో వినాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

ఆ తర్వాత పొట్టిపిల్ల జవాబులు తగ్గిపోయాయి. తలవంచుకుని నిలబడేది. నోరు పెగిలేది కాదు. కొన్నాళ్ళకు పూర్తిగా మానేసింది. జవాబు చెప్పేవాళ్ళు లేరు కాబట్టి కొట్టేవాళ్ళూ లేరు, ఆడపిల్లలంతా వరుసగా నిలబడి, మళ్ళీ కూర్చునేవారు. హెడ్మాస్టరు గారు తల పట్టుకున్నారు. రెండో సారు మాత్రం తేల్చేశారు. "పెద్దయ్యే కొద్దీ ఆడపిల్లల బుర్ర మందగిస్తాది సార్. నేను ఎంతమందిని చూడలేదు." ఆయనకు ముగ్గురు కూతుళ్ళు. ఇంట్లో ఆ మాట అని ఉంటే అన్నం పుట్టేది కాదు.

హెడ్మాస్టరు గారి బెంగకు కారణం ఉంది. ఐదుతో మా బడి అయిపోతుంది. పొట్టిపిల్లను నంద్యాల హైస్కూల్లో చేర్పించి హాస్టల్లో సీటు ఇప్పించాలని ఆయన పట్టుదల. సీటు వస్తే చదువు, రాకపోతే కలుపు తీయడానికి తల్లి వెంట పొలానికి. దానికి ఇన్‌స్పెక్టరు గారి మాట సాయం కావాలి. తనిఖీకి వచ్చిన రోజున ఆ పిల్ల నాలుగు జవాబులు టకటకా చెబితే పనవుతుంది. ఈ సంగతి బళ్ళో పిల్లలందరికీ తెలుసు, పొడుగుపిల్లకు కూడా తెలుసు.

తనిఖీ రోజు వచ్చింది. ముగ్గు వేశాం, మామిడాకులు కట్టాం. ఇన్‌స్పెక్టరు గారు ఐదో తరగతిలో కుర్చీలో కూర్చున్నారు. హెడ్మాస్టరు గారు మగపిల్లల వరుస అయ్యాక, "ఆడపిల్లల మీద మేం చెయ్యి వేయం సార్, వాళ్ళే చూసుకుంటారు" అని తన పద్ధతి వివరించారు. ఇన్‌స్పెక్టరు గారికి అది నచ్చింది.

"పన్నెండు ఎనిమిదులు ఎంత?" అని అడిగారు.

ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. పొడుగుపిల్ల నిలబడింది. చివరికి పొట్టిపిల్ల లేచి, తలవంచుకుని అలాగే నిలబడింది.

"చెప్పమ్మా. నీకు వచ్చు కదా" అన్నారు హెడ్మాస్టరు గారు. ఆయన గొంతు బతిమాలుతోంది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను.

పొట్టిపిల్ల తల ఎత్తలేదు. అప్పుడు పొడుగుపిల్ల పక్కకు తిరిగింది. కొంచెం వంగి, ఆ పిల్ల కుడిచెయ్యి పట్టుకుని తన చెంప మీద పెట్టుకుంది.

"చెప్పు మే. చెప్పి కొట్టు. నాకేం గాదులే."

పొట్టిపిల్ల చెయ్యి లాక్కుంది. వద్దని తల ఊపింది. పొడుగుపిల్ల ఒక్క నిమిషం చూసింది. తర్వాత తన ఎడమ చేత్తో తన ముక్కే పట్టుకుని, కుడి చేత్తో తన రెండు చెంపలూ ఫెడీ ఫెడీమని వాయించుకుంది. గదంతా వినపడింది.

"నాది అయిపోయింది. ఇంగ చెప్పు" అంది.

తరగతి మొత్తం ఒక్కసారిగా నవ్వింది. మగపిల్లలు బల్లలు చరిచారు. ఇన్‌స్పెక్టరు గారు కూడా నవ్వారు, పాపం ఆయనకేం తెలుసు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ నవ్వుల మధ్యలో పొట్టిపిల్ల ఏడుస్తూ "తొంభై ఆరు" అంది. ఆయన ఇంకో ప్రశ్న అడిగారు, ఇంకోటి అడిగారు. అన్నిటికీ ఏడుస్తూనే జవాబు చెప్పింది. "శభాష్" అన్నారాయన. పొడుగుపిల్ల పలకా సంచీ తీసుకుని వెనక వాకిలి గుండా వెళ్ళిపోవడం నేను చూశాను. పోయి ఆపాలని అనిపించింది గానీ, తనిఖీ జరుగుతోంది.

పొట్టిపిల్లకు సీటు వచ్చింది. పొడుగుపిల్ల మళ్ళీ బడికి రాలేదు.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరు గారు నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు.  రైతు అరుగు మీద మంచం వాల్చి కూర్చోమన్నాడు.

"సారూ, కూలోళ్ళ బిడ్డ అని ఆ పొద్దు నేను అనలే. మీరే అనుకున్యారు. నా బిడ్డకు ఈ ఊర్లో ఉండేది అదొక్కటే తోడు. ఆ తోడు చేతనే కొట్టిస్తే ఇంగ ఇది ఎవురి దగ్గరికి పోవాల? ఆ మాట చెప్పాలనే వచ్చినా."

హెడ్మాస్టరు గారు నేల చూస్తూ అన్నారు.  "చెంప ఎవరిదని నేను చూడలేదన్నా. అంతవరకు సరే. చెయ్యి ఎవరిదని గూడా చూడలేదు."

నేను లోపలికి వెళ్ళాను. పొడుగుపిల్ల చేటలో చెనిక్కాయలు పోసుకుని వలుస్తోంది. బడికి రమ్మన్నాను. ఇక ఆ పద్ధతి ఉండదు, హెడ్మాస్టరు గారే చెప్పారు అన్నాను.

"వద్దు టీచరూ. నేనుంటే అది నోరు తెరవదు. మల్లా పొలానికి పోవాల్సొస్తాది."

"లేదమ్మా, సీటు వచ్చేసినట్టే."

చేట వంకే చూస్తూ, "అందరూ నగుతాండారు టీచరూ" అంది. వాళ్ళ నాయన కొట్టినా, తిట్టినా ఏడవని పిల్ల. అప్పుడు ఏడ్చింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను.

మర్నాటి నుంచి హెడ్మాస్టరు గారు ఆ పద్ధతి తీసేశారు. రెండో సారు కూడా మారు మాట్లాడలేదు. కానీ మేం తీసేసింది బళ్ళో. వీధిలో పిల్లలకు అది కొత్త ఆటయింది. పొడుగుపిల్ల నీళ్ళకు పోతుంటే ఎదురుగా వచ్చి, ముక్కు పట్టుకుని తమ చెంపలు తామే వాయించుకుని పరుగెత్తేవారు. మేం పట్టుకుని తిట్టాం, తల్లిదండ్రులకు చెప్పాం. అలాంటివి తిడితే ఆగవు. ఆ పిల్ల నీళ్ళకు పోవడం మానేసింది. తర్వాత కల్లానికి పోవడం మానేసింది. పొట్టిపిల్ల నంద్యాల పోయే ముందు ఎన్నిసార్లు వెళ్ళినా పొడుగుపిల్ల బయటికి రాలేదట. నేను బయటికొస్తే అది నంద్యాల పోదు అని వాళ్ళమ్మతో అన్నదట.

ఏళ్ళు గడిచాయి. ఎనభైల చివర్లో నేను ఆళ్లగడ్డలో పనిచేస్తున్నాను. హెడ్మాస్టరు గారు అప్పటికి లేరు. ఒక ఆదివారం ఒక పొట్టి అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చీర కట్టుకుని, చేతి సంచీతో ఉంది. గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది. ట్రైనింగ్ పూర్తి చేసి రుద్రవరం దగ్గర టీచరుగా చేరిందట.

"దాన్ని చూడాల టీచరూ. ఒక్కదాన్నే పోను, మీరు గూడా రాండి" అంది.

వెళ్ళాం. రైతు అప్పటికే కాలం చేశాడు. తల్లి ముసలిదైపోయింది. పొట్టిపిల్లను చూసి, "టీచరమ్మవైనావంట, రా, పైకొచ్చి కూర్చో" అని అరుగు చూపించింది. చిన్నప్పుడు ఆ అరుగు మీద కాలు పెట్టనివ్వలేదు. పొట్టిపిల్ల ఆ సంగతి పట్టించుకోలేదు, దాని కళ్ళు పక్క గది తలుపు మీదే ఉన్నాయి. మమ్మల్ని చూడగానే ఆ తలుపు మూసుకుంది.

"ఎవురొచ్చినా అంతే. పెండ్లి చూపులకొచ్చినా అంతే. ఇంట్లో అందరితో బాగుంటాది, పని చేస్తాది. బయటి మనిషి గొంతు వింటే చాలు, తలుపేసుకుంటాది" అంది తల్లి.

పొట్టిపిల్ల తలుపు దగ్గరికి వెళ్ళి పేరు పెట్టి పిలిచింది.  సంచీలోంచి ఒక గుడ్డమూట తీసింది. వాగు రాళ్ళు. గడప ముందు చతికిలబడి ఒక్కతే అచ్చనగాయలు ఆడటం మొదలుపెట్టింది. రాయి ఎగరేయడం, పట్టడం. లోపలికి వినపడేట్టు ఒక్కో ఆట పేరు చెబుతూ ఆడింది. కాసేపటికి కావాలని ఒక రాయి జారవిడిచింది.

"నాది పోయింది మే. ఇంగ నీ వంతు" అంది.

తలుపు తెరుచుకోలేదు. మేం బస్సు వేళ దాకా కూర్చున్నాం. లేచేటప్పుడు రాళ్ళను గడప మీద కుప్పగా పెట్టి వచ్చింది. బస్సులో దారంతా నా భుజం మీద తల పెట్టుకుని ఉంది. 

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలూ, మీకు మంచి శిక్షణ ఇస్తున్నారు, సంతోషం. చదువు రాని బిడ్డకు చదువు చెప్పే మార్గాలు మాకన్నా మీకు ఎక్కువ తెలుసు. ఒక్క సంగతి మాత్రం నా మాటగా పెట్టుకోండి. ఆ బిడ్డకు తరగతిలో ఎవరు తోడో ముందు చూడండి. అక్షరాలు కొంచెం ఆలస్యమైనా ఫరవాలేదు.

కొన్ని నెలల తర్వాత ఆళ్లగడ్డ బస్టాండులో ఆ తల్లి కనిపించింది. కళ్ళ ఆస్పత్రికి వచ్చిందట. పక్కన కూర్చున్నాను. ఆ రాళ్ళేమయ్యాయని అడిగాను.

"దాని గుడ్డల పెట్టెలో దాచుకున్యాది. ఎవురినీ ముట్టనీదు. తీసి ఆడుకోమే అంటే, ఇప్పుడు నా వంతు, అది వచ్చినంక ఆడతా అంటాది. అది వస్తే మాత్రం తలుపేసుకుంటాది."

"మళ్ళీ వచ్చిందా?"

"సెలవు దొరికినప్పుడంతా వస్తాది. అరుగు మీద కూర్చుంటాది. పొయ్యేటప్పుడు తలుపు దగ్గర నిలబడి, నీ వంతు అట్లే ఉంది మే, నేను ఎవురితోనూ ఆడలే అని చెప్పి పోతాది."